అమ్మేసిన బైకు మీద పేచీ ఎక్కడ పుడుతుంది, ఎలా తేలుతుంది

జర్మనీలో ఒక వ్యక్తి తన పాత మోటారు సైకిల్‌ను ఆన్‌లైన్ వేలంలో అమ్మకానికి పెట్టాడు. 30,000 కిలోమీటర్లు తిరిగిందని ప్రకటనలో రాశాడు. బండిని ఎలాంటి హామీ లేకుండానే అమ్ముతున్నానని కూడా చేర్చాడు. బండి చేతికొచ్చాక తేలిందేమిటంటే, మీటరులో తిరుగుతున్నవి కిలోమీటర్లు కావు, మైళ్లు. 30,000 మైళ్లంటే 48,000 కిలోమీటర్ల పైమాటే. గొడవ కింది కోర్టులు దాటి అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం దాకా వెళ్లింది. 2006 నవంబరులో వచ్చిన తీర్పులో రెండు విషయాలు తేలాయి. వ్యాపారి కాని మామూలు మనిషి రాసిన రీడింగును గ్యారంటీ అనుకోకూడదు. అయినా అది ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందంలో భాగమే కాబట్టి, 'హామీ లేదు' అన్న ఒక్క వాక్యంతో దాన్ని కొట్టిపారేయడం కుదరదు.

ఈ కేసులో ఇంజిన్ పాడవలేదు, బ్రేకులు ఫెయిలవలేదు. గొడవంతా ఒక అంకె పక్కన ఏ కొలమానం ఉందన్న దాని మీదే. పాత బైకు అమ్మాక వచ్చే పేచీలు చాలావరకు ఇలాంటివే. బయటికి బండి మీద గొడవలా కనిపిస్తాయి. లోపలికి వెళ్తే, అమ్మినవారు ఏం రాశారు, ఏం రాయలేదు, కొన్నవారు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారు అన్న దగ్గరే ముడి ఉంటుంది. పాత బండికి లోపాలుంటాయని ఇద్దరికీ తెలుసు. తెలిసిన లోపానికి ధర తగ్గించి కొన్నవారికి కోపం రాదు. అమ్మినవారికి ముందే తెలిసిన లోపం తనకు చెప్పలేదని అనుమానం వస్తే మాత్రం, చిన్న లోపానికి కూడా పెద్ద కోపం వస్తుంది.

చట్టం సంగతికి వస్తే, మొదట తేల్చుకోవాల్సింది అమ్మింది ఎవరన్నది. కొనేవారిలో చాలామంది షాపులో కొన్నప్పటి హక్కులే ఇక్కడా ఉంటాయనుకుంటారు. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, వ్యాపారి దగ్గర కొన్న వస్తువులో లోపముంటే 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేయొచ్చు. ఆ 30 రోజుల మాట జనంలో ఎంతగా పాకిపోయిందంటే, పక్క వీధి మనిషి దగ్గర కొన్న బండికి కూడా అది వర్తిస్తుందని నమ్మేవాళ్లున్నారు. వర్తించదు. వ్యాపారి కాని మనిషి అమ్మితే బ్రిటన్‌లో 1979 నాటి వస్తు విక్రయ చట్టం చూడాలి. వస్తువు నాణ్యంగా ఉండాలన్న షరతు అందులో వ్యాపారంగా అమ్మేవారికే ఉంది. వస్తువు వర్ణనకు తగ్గట్టు ఉండాలన్న షరతు మాత్రం ఎవరు అమ్మినా ఉంటుంది. భారతదేశపు 1930 నాటి వస్తు విక్రయ చట్టం కూడా దాదాపు ఇదే దారిలో నడుస్తుంది. నాణ్యత సంగతి కొనేవారే చూసుకోవాలన్నది మూల సూత్రం. ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర వర్ణన చూసి కొంటే దానికి మినహాయింపు ఉంది. వర్ణన చూసి కొన్నది వర్ణనకు సరిపోవాలన్న షరతు విడిగా ఉంది. అమెరికాలో కూడా, సరుకు మామూలు వాడకానికి పనికొస్తుందన్న సహజ హామీ వ్యాపారి అమ్మకాలకే పరిమితం. వర్ణనగా చెప్పిన మాట మాత్రం ఎవరు చెప్పినా హామీ కాగలదు.

అంటే దేశం ఏదైనా మామూలు మనిషి నెత్తిన పడే బాధ్యత ఒకచోటికే చేరుతోంది. బండి బాగుండి తీరాలని అతన్ని ఎవరూ అడగరు. చెప్పినట్టు ఉందా లేదా అనే అడుగుతారు. అందుకే ఎడాపెడా పది బండ్లు కొని అమ్ముతూ, ప్రకటనలో మాత్రం 'సొంత బండి' అని రాసేవారి పరిస్థితి వేరు. పేచీ ముదిరితే వాళ్లను వ్యాపారులుగానే లెక్కగట్టే అవకాశం ఎక్కువ.

ఇక 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం, తర్వాత నాకు సంబంధం లేదు' అన్న వాక్యం. దీన్ని రక్షరేకులా వాడేవాళ్లు ఎక్కువ. జపాన్ ఆన్‌లైన్ వేలాల్లో అయితే 'నో క్లెయిమ్, నో రిటర్న్' అన్నది దాదాపు ప్రతి పాత బండి కిందా కనిపించేంత మామూలు మాట. కానీ అక్కడి పౌర స్మృతి 572వ అధికరణం ఒక విషయం తేల్చి చెబుతోంది: బాధ్యత లేదని ముందే ఒప్పందం చేసుకున్నా, అమ్మినవారికి తెలిసి కూడా చెప్పని విషయాల్లో ఆ ఒప్పందం పనిచేయదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు లోపాల బాధ్యత స్వరూపాన్నే మార్చాయి, ఈ సూత్రాన్ని మాత్రం అలాగే ఉంచాయి. జర్మన్ పౌర స్మృతిలో 444వ సెక్షన్ కూడా అంతే. లోపాన్ని మోసపూరితంగా దాచినవారు, ఫలానా గుణం ఉందని గ్యారంటీ ఇచ్చినవారు బాధ్యత మినహాయింపును అడ్డం పెట్టుకోలేరు.

కాబట్టి ఆ వాక్యం పనికిరానిది కాదు, దాని పని చిన్నది. అమ్మినవారికి కూడా తెలియని లోపాల విషయంలో అది కాపాడుతుంది. తెలిసినవాటికి కాదు. పైగా మిగతా వివరాలేవీ లేకుండా ఆ ఒక్క వాక్యమే లావు అక్షరాల్లో ఉంటే, ఏదో దాస్తున్నారన్న అనుమానం కొనేవారికి అక్కడే మొదలవుతుంది.

మౌనం సంగతి ఇంకాస్త చిక్కు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఊరికే మాట్లాడకపోవడం మోసం కాదు. మాట్లాడాల్సిన బాధ్యత ఉండి మాట్లాడకపోయినా, ఆ మౌనం చెప్పిన దానితో సమానమైనా, లోపాన్ని పనిగట్టుకుని దాచినా మోసమే. 19వ సెక్షన్‌లో కొన్నవారి జాగ్రత్తను కూడా లెక్కలోకి తీసుకునే మినహాయింపు ఉంది. తప్పుడు వర్ణన వల్లో, మోసం కిందికొచ్చే మౌనం వల్లో ఒప్పుకున్నా, మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుంటే ఒప్పందాన్ని రద్దు చేసుకోవడానికి లేదు. బండి ముందు నిలబడి, నడిపి చూసి, తలాడించి తీసుకెళ్లినవారు చైన్ వదులుగా ఉందని పది రోజుల తర్వాత వాదిస్తే బలం తక్కువ. ఎక్కడో దూరంలో ఉండి నాలుగు ఫోటోలు చూసి డబ్బు పంపినవారి వాదన అంత తేలిక కాదు. వాళ్ల చేతిలో ఉన్నది ప్రకటన ఒక్కటే, దాన్ని వాళ్లు అక్షరం అక్షరం పట్టుకుంటారు.

ఆ అక్షరాల్లో అన్నీ ఒకే బరువువి కావు. 'సూపర్ కండిషన్', 'మంచి పికప్', 'చూస్తే వదలరు' లాంటివి అమ్ముకునేవాళ్ల గొప్పలు. వాటి మీద ఎవరూ కేసు గెలవరు. 'ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదు', 'యాక్సిడెంట్ కాలేదు', 'టైర్లు కొత్తవి', 'పైసా పని లేదు' అన్నవి వేరు. ఇవి పరీక్ష పెట్టి తేల్చగలిగే మాటలు. టైరు పక్క గోడ మీద తయారీ వారం, ఏడాది నాలుగు అంకెల్లో అచ్చై ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. ఏళ్ల కిందటి టైరును కొత్తదన్నవారి మాట అబద్ధమని తేల్చడానికి అర నిమిషం చాలు. ఒక్క చోట ఆ మాట తప్పని తేలితే, మిగతా ప్రకటన మీద నమ్మకం మొత్తం పోతుంది. టైరుతో మొదలైన పేచీ ఇంజిన్ దాకా పాకడానికి కారణం ఇదే.

'యాక్సిడెంట్ కాలేదు' అన్నది అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం. అమ్ముతున్నది రెండో యజమానో మూడో యజమానో అయితే, అంతకు ముందు ఏం జరిగిందో ఆయనకు తెలిసే వీల్లేదు. అయినా నిజాయితీగానే ఆ మాట రాసేస్తారు. తర్వాత ఏ మెకానికో ఫ్రేమ్ మీద పాత వెల్డింగు చూపిస్తే, నిజాయితీపరుడు కూడా మోసగాడిలా నిలబడాల్సి వస్తుంది. 'నా దగ్గరున్న కాలంలో పడలేదు, అంతకు ముందు సంగతి తెలియదు' అని రాస్తే ఇద్దరికీ మేలు. రీడింగు విషయమూ అంతే. మీటరు మార్చిన బండి అయితే ఆ సంగతి, మార్చినప్పటి అంకె రాయాలి. ఏమీ తెలియకపోతే 'మీటరు ఇంత చూపిస్తోంది' అనడం వేరు, 'ఇంతే తిరిగింది' అనడం వేరు.

అసలు తల పగలగొట్టుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. లోపం బండి చేతులు మారేనాటికే ఉందా, తర్వాత వచ్చిందా? బాధ్యత చాలావరకు దీని మీదే ఆధారపడుతుంది. దీనికి జవాబు చట్టంలో కన్నా యంత్రంలోనే ఎక్కువ దొరుకుతుంది.

'క్లచ్ జారుతోంది' అన్న ఫిర్యాదునే చూద్దాం. బైకుల్లో ఎక్కువ వాటికి క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. కార్ల కోసం చేసిన కొన్ని ఆయిళ్లలో రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. వాటిని ఇక్కడ పోస్తే క్లచ్ ప్లేట్లు పట్టు కోల్పోయి జారతాయి. బైకు ఆయిల్ డబ్బాల మీద 'జాసో ఎంఏ' గుర్తు ఉండేది ఈ తేడా చెప్పడానికే. కొన్న వారానికే ఆనవాయితీగా ఆయిల్ మార్పించి, ఆ తర్వాత క్లచ్ జారుతోందని ఫోన్ చేసేవారిని మొదట అడగాల్సింది ఏ ఆయిల్ పోశారనే. ప్లేట్లు అరిగిపోయి జారే క్లచ్ కూడా ఉంటుంది, అది ఒక్క రాత్రిలో రాదు. పై గేరులో ఎక్సిలేటర్ తిప్పగానే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోవడం దాని లక్షణం. నడిపి చూసిన రోజే అది బయటపడి ఉండాలి.

కార్బురేటర్ బండ్లలో ఇంకో రకం. వాడకుండా నెలల తరబడి నిలబెడితే లోపలి పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. ఎక్సిలేటర్ వదిలినా ఇంజిన్ తిరుగుతూ ఉండడానికి (ఐడిల్) ఇంధనం అందించే పైలట్ జెట్ రంధ్రం చాలా సన్నగా ఉంటుంది కాబట్టి ముందు మూసుకుపోయేది అదే. చోక్ వేస్తే స్టార్టవుతుంది, ఎక్సిలేటర్ తిప్పి ఉంచితే నడుస్తుంది, వదిలితే ఆగిపోతుంది. తీసుకెళ్లిన మర్నాడే ఈ లక్షణం కనిపిస్తే అది అమ్మినవారి షెడ్డులోంచి వచ్చిందే. కొన్నవారే రెండు నెలలు కదపకుండా ఉంచి తర్వాత చెబితే, అమ్మినవారిని అనడానికి లేదు.

కరెంటు వైపు సమస్యలు చాలావరకు ఎవరి చేతుల్లోనూ ఉండవు. ఇంజిన్ నడుస్తుంటే పుట్టే కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే రెక్టిఫైయర్ నిన్నటిదాకా బాగుండి ఈ రోజు కాలిపోగలదు. అమ్మినవారికి దాని గురించి ముందుగా తెలిసే దారి లేదు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ పూర్తి చార్జిలో ఉంటే బండి ఆపి ఉన్నప్పుడు దాదాపు 12.6 వోల్టులు, ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 దాకా చూపాలి. అమ్మే రోజున ఈ రెండు అంకెలు వోల్టు మీటరుతో సహా ఫోటో తీసి పెట్టుకున్నవారికి, తర్వాత ఎంత పెద్ద పేచీ వచ్చినా టెన్షన్ తక్కువ. తిరగేసి చూస్తే, చార్జింగు సరిగ్గా లేదని తెలిసి, అది దొరక్కుండా అమ్మకానికి ముందు రోజు కొత్త బ్యాటరీ బిగించినవారు ఉంటారు. బ్యాటరీ మీది తేదీ అక్కడ సాక్షి అవుతుంది.

కొన్ని లోపాలను దాచడం మరీ సులభం. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్‌లో ఆయిల్ సీలు కారుతుంటే గుడ్డతో తుడిచి ఫోటో తీస్తే చాలు, ఏమీ కనపడదు. నాలుగు గుంతలు దాటాక రాడ్డు చుట్టూ నూనె వలయం మళ్లీ వస్తుంది. వాల్వ్ సీళ్లు గట్టిపడిన ఇంజిన్ రాత్రంతా ఆగి ఉండి పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలి పొగ వదులుతుంది, వేడెక్కాక శుభ్రంగా ఉంటుంది. కొనేవారు వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉంచడం వెనక ఉన్న పాత కిటుకు ఇదే. ఎవరూ కిటుకు చేయకపోయినా, అమ్మినవారు పెట్రోలు పోయించడానికి వెళ్లి వచ్చి ఉండొచ్చు. అయినా తర్వాత పొగ కనిపించిన రోజు కొన్నవారికి గుర్తొచ్చేది 'ఆ రోజు ఇంజిన్ వేడిగా ఉంది' అన్న సంగతే. చల్లటి ఇంజిన్‌ను మొదటిసారి స్టార్ట్ చేస్తున్నప్పుడు, సైలెన్సర్ కూడా కనపడేలా, కట్ చేయకుండా తీసిన ఒక వీడియో పది ఫోటోల కన్నా విలువైనది.

చైన్, స్ప్రాకెట్లు, బ్రేకు ప్యాడ్లు అరిగిపోవడం మీద పెద్దగా వాదించడానికి ఏమీ లేదు. అవి అరగడానికే ఉన్నాయి, కళ్లెదుటే ఉంటాయి.

ఇక ఫిర్యాదు వచ్చిన రోజు. అమ్మినవారి మొదటి స్పందన సాధారణంగా రెండింటిలో ఒకటి. అవతలి నంబరును బ్లాక్ చేయడం, లేదా గొడవెందుకని వెంటనే కొంత డబ్బు పంపేయడం. రెండూ నష్టమే. బ్లాక్ చేస్తే, లోపం గురించి తెలిసే తప్పించుకుంటున్నారన్న కథకు బలం చేకూరుతుంది. మామూలు అసంతృప్తితో ఉన్న మనిషి పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లేది చాలాసార్లు అప్పుడే. అడగ్గానే డబ్బు పంపితే, అది తప్పు ఒప్పుకున్నట్టు కనిపిస్తుంది. పైగా అక్కడితో ఆగుతుందన్న నమ్మకం లేదు. ఈ వారం కార్బురేటర్, వచ్చే వారం బేరింగు.

మధ్యలో ఉన్న దారి కాస్త నిదానమైనది. ఫోన్‌లో కాకుండా రాతలో జవాబివ్వాలి. ఏ లక్షణం, ఎప్పుడు మొదలైంది, అప్పటికి రీడింగు ఎంత, ఎవరు చూశారు, ఏం విప్పారు అని అడగాలి. ముఖ్యంగా, ఇద్దరికీ సమ్మతమైన మెకానిక్ చూసేదాకా ఇంకేమీ విప్పవద్దని చెప్పాలి. ఇంజిన్ విప్పేశాక లోపం ఎప్పటిదో తేల్చడం ఎవరి తరమూ కాదు. కొన్నవారికి కూడా ఇదే సలహా పనికొస్తుంది. కోపంలో ముందు రిపేరు చేయించి, తర్వాత బిల్లు ముఖాన కొట్టేవారు తమ సాక్ష్యాన్ని తామే చెరిపేసుకుంటున్నారు. పాత భాగాలను పారేయకుండా ఉంచుకున్నవారి పరిస్థితి కొంత నయం.

నిజమైన ఫిర్యాదుకూ, బేరం పొడిగింపుకూ తేడా పసిగట్టడం అంత కష్టం కాదు. నిజంగా మోసపోయానని అనుకునేవారు ఎక్కువగా బండి వెనక్కి తీసుకోమంటారు. బేరగాళ్లు బండిని వదలరు, డబ్బు తగ్గించమనే అడుగుతారు, ఇవ్వకపోతే చెడ్డ రేటింగు ఇస్తామంటారు. అలాంటప్పుడు 'బండి ఇచ్చిన స్థితిలోనే తిరిగి ఇస్తే డబ్బు వాపసు ఇస్తాను' అన్న ప్రతిపాదన చాలాసార్లు విషయాన్ని అక్కడికక్కడే తేలుస్తుంది. అయితే బండిని నిజంగా వెనక్కి తీసుకోవడానికి సిద్ధంగా ఉంటేనే ఈ మాట అనాలి. బెదిరింపు కోసం అంటే ఎదురు తిరుగుతుంది. నూటికి నూరు శాతం ఈ సూత్రం పనిచేస్తుందని కూడా కాదు. దూరప్రాంతం నుంచి రవాణా ఖర్చు పెట్టి బండి తెప్పించుకున్నవారు, నిజంగానే నష్టపోయి కూడా, వెనక్కి పంపలేక డబ్బే అడగొచ్చు.

సర్దుబాటుకు ఒప్పుకుంటే, ఎంత ఇస్తున్నారు, ఏ లోపం కోసం, దీంతో ఈ అమ్మకానికి సంబంధించిన వాదనలన్నీ ముగిశాయని ఇద్దరూ రాసుకోవాలి. ఒక మెసేజ్, దానికి 'ఒప్పుకుంటున్నాను' అన్న జవాబు ఉన్నా ఎంతో కొంత ఆధారమే. వెనక్కి తీసుకుంటే, రీడింగు ఎంత పెరిగింది, ఏ భాగాలు మారాయి, ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు అవేనా అని చూశాకే డబ్బు కదలాలి. ఆన్‌లైన్ వేదిక మధ్యవర్తిత్వం మీద మరీ ఆశ పెట్టుకోకూడదు. కొనుగోలుదారు రక్షణ పథకాలున్న పెద్ద వేదికల్లో కూడా వాహనాలను వాటి నుంచి మినహాయించినవి ఉన్నాయి.

ఇంజిన్ గొడవలో పడి ఇద్దరూ మరిచిపోయేది పేరు మార్పిడి. నిజానికి అమ్మినవారికి ఎక్కువ ముప్పు ఇక్కడే ఉంది. జపాన్‌లో ద్విచక్ర వాహనాల మీద ఏటా వేసే పన్ను ఏప్రిల్ 1న ఎవరి పేరు మీద ఉంటే వారికే వస్తుంది. మార్చిలో అమ్మి, కొన్నవారు పేరు మార్పించుకోకపోతే నోటీసు పాత యజమాని ఇంటికే. భారతదేశంలో పర్యవసానం ఇంకా బరువైనది. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు అమ్మినవారే రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి, కొన్నవారు 30 రోజుల్లోపు తమ వంతు పూర్తి చేయాలి. బండి చాలా చేతులు మారినా రికార్డులో మొదటి పేరే మిగిలిపోయిన ఒక కేసులో, ప్రమాద పరిహారం విషయంలో రికార్డుల్లో ఉన్న యజమానినే యజమానిగా చూడాలని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. మధ్యలో ఎందరు కొన్నారన్నది ప్రమాదంలో నష్టపోయినవారి సమస్య కాకూడదన్నది దాని వెనకున్న ఆలోచన.

లోపం మీద పేచీ నడుస్తున్నప్పుడు ఈ రెండూ కలగాపులగమవుతాయి. 'ముందు బండి బాగు చేయించండి, తర్వాతే పేరు మార్పించుకుంటా' అని కొన్నవారంటారు. 'ఫిర్యాదు ఆపితేనే కాగితాల మీద సంతకం పెడతా' అని అమ్మినవారంటారు. ఈ రెండింట్లో ఏదీ అవతలివారిని దారికి తేదు. మధ్యలో బండి మాత్రం రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది, ఎవరి పేరు మీద తిరుగుతోందో ఆ పేరు మీదే జరిమానాలు పడుతుంటాయి. అందుకే బదిలీ పత్రాల మీద సంతకాలు డబ్బు చేతులు మారిన రోజే, తాళం ఇచ్చే ముందే అయిపోవాలి. తాళం ఇచ్చిన తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసి ఇద్దరూ సంతకం పెట్టుకుంటే, ఆ సాయంత్రమే ఏ సిగ్నల్ దగ్గరో కెమెరాకు చిక్కిన బండిని ఎవరు నడిపారన్న ప్రశ్న రాదు. పేరు మారిపోయాక బండి వెనక్కి తీసుకోవాల్సి వస్తే, రికార్డుల దృష్టిలో అది రద్దు కాదు, ఇంకో కొత్త అమ్మకం. మళ్లీ పేరు మార్పిడి, మళ్లీ ఫీజు, మళ్లీ ఇన్సూరెన్స్ బదిలీ ఉంటాయి. ఆ ఖర్చు ఎవరిదన్నది కూడా వాపసు మొత్తంతో పాటే, బండి కదలకముందే తేల్చుకోవాలి.